రోష్‌వియేల్ బడికి హకారం వచ్చిన ఏడాది

హెదర్ మెకినన్ రోష్‌వియేల్ అనే ఫ్రెంచి ఊళ్లో సాధించిన మొట్టమొదటి విజయం ఏమిటంటే, నవంబరు రెండో గురువారం పొద్దున పదిన్నరకు, మూడో తరగతి పిల్లలు ఇరవై నలుగురి చేతా "హ" అనిపించింది. అందరూ కిటికీల ముందు వరసగా నిలబడి చల్లటి గాజు మీద ఊదారు. ఇరవై నాలుగు నోళ్లు, ఇరవై నాలుగు ఆవిరి మచ్చలు. ఆ బడి కట్టి నూట పదేళ్లయింది. అన్నేళ్లలో అక్కడ ఎవరూ వినని శబ్దం అది.

అంత తేలిగ్గా వచ్చింది కాదు. ఆరు వారాలు పట్టింది. ఫ్రెంచిలో హకారం రాయడానికే గానీ పలకడానికి కాదు. కాబట్టి హెదర్ వచ్చిన రోజు నుంచీ "ఎజేర్" అయిపోయింది. పోస్టాఫీసులో ఎజేర్, రొట్టెల కొట్లో ఎజేర్, బడి హాజరు పట్టీలో సరిగ్గా రాసి కూడా పిలిచేటప్పుడు ఎజేర్. పేరు సంగతి ఆమె పట్టించుకోలేదు. పట్టించుకున్నది పాఠం సంగతి. ఇంగ్లీషులో హంగ్రీ అంటే ఆకలి, యాంగ్రీ అంటే కోపం. భోజనం గంట కొట్టబోయే ముందు "ఆకలేస్తోందా?" అని అడిగితే, పిల్లలంతా ముక్తకంఠంతో "కోపంగా ఉంది" అని జవాబు చెప్పేవారు.

దారి చూపించింది జెర్మేన్ విదాలాన్. ఈ మాట జెర్మేన్ తనంతట తనే ఊళ్లో అందరికీ చెప్పింది గనక ఇక్కడ దాచాల్సిన పని లేదు. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ బడి వంటశాలలోనే వండి రిటైరయింది. చదివింది పల్లెటూరి బడిలో, పద్నాలుగేళ్ల దాకా. కానీ ఆ చివరి పరీక్షలో పద్దెనిమిది ఊళ్ల పిల్లల్లో మొదటి స్థానం ఆమెది, డిక్టేషన్‌లో ఒక్క తప్పు లేదు. ఆ పట్టా ఇప్పటికీ వంటింట్లో గడియారం పక్కన అద్దం కట్టి వేలాడుతోంది. ఆమె మేడ మీది గదిలోనే హెదర్ అద్దెకుండేది.

ఒక ఆదివారం సాయంత్రం జెర్మేన్ వార్తాపత్రిక చదవబోతూ కళ్లద్దాలు తీసి, నోటి దగ్గర పెట్టుకుని ఊది, వంటగుడ్డతో తుడిచింది. ఎదురుగా సూప్ తాగుతున్న హెదర్ చేతిలో చెంచా ఆగిపోయింది.

"మళ్లీ చెయ్యండి," అంది.

"ఏం చెయ్యను?"

"అద్దాలు తుడవండి."

"తుడిచాగా తల్లీ. ఇంకా తుడిస్తే అరిగిపోతాయి."

"తుడవక్కర్లేదు. ఊదండి చాలు. ఆ చప్పుడు కావాలి నాకు."

జెర్మేన్ ఊదింది. హెదర్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అది నా పేరులో మొదటి అక్షరం. డెబ్బై ఆరేళ్ల నుంచీ మీకొచ్చు. రాదని చెప్పి ఇన్నాళ్లూ నన్ను ఎజేర్ని చేశారు."

"అది అక్షరమా?" అంది జెర్మేన్. "ఊపిరనుకున్నా."

ఆ తర్వాతి గురువారమే కిటికీల పాఠం. బడి శుభ్రం చేసే ఆవిడ వచ్చి "ఈ మచ్చలెవరు తుడుస్తారమ్మా?" అని గొడవ పెట్టుకుంటే, హెదర్ "మళ్లీ హ అని తుడిస్తే పోతాయి" అని గుడ్డ ఆవిడ చేతికే ఇచ్చింది. ఆవిడ తుడిచింది. ఆ రకంగా హకారం నేర్చిన ఇరవై అయిదో మనిషి ఆవిడ.

హెదర్‌ది స్కాట్లాండ్ పడమటి సముద్రంలో చిన్న దీవి. తండ్రి పడవల రేవులో తాళ్లు కట్టే పని చేస్తాడు. ఊళ్లో మనుషుల కన్నా గొర్రెలెక్కువ. ఇరవై రెండేళ్లకు ఫ్రెంచి చదువు పూర్తి చేసి, ఇంగ్లీషు పంతులమ్మకు సహాయకురాలిగా అక్టోబరులో ఇక్కడికి వచ్చింది. ఏప్రిల్ ఆఖరు దాకా పని. ఆ ఏడు నెలల్లో ఆమె చేసిన ఘనకార్యాలు శనివారం సంతలో జెర్మేన్ నోట వినాలి. ఉల్లిగడ్డలు బేరం చేస్తూ ఒకటి, కోడిగుడ్లు ఏరుకుంటూ ఒకటి చెప్పేది. చీజ్ అమ్మే అతనికి అన్నీ కంఠతా వచ్చేశాయి. ఆమె మధ్యలో ఆగితే అతనే అందించేవాడు.

వాటిలో గొప్పది త్రిపూ కథ. త్రిపూ అంటే గొర్రె పొట్ట ముక్కలో మాంసం, వెల్లుల్లి కూరి మూట కట్టి, రాత్రంతా సన్నటి సెగ మీద ఉడకబెట్టిన వంటకం. బయటివాళ్లు ఎవరొచ్చినా మొదటి నెలలోనే ఊరివాళ్లు దాన్ని ముందు పెట్టి ముఖంలోకి చూస్తారు. పారిస్ నుంచి వచ్చిన లెక్కల మాస్టారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. హెదర్ ఒక మూట తిని, రెండోది అడిగి తిని, "బాగుంది. మా ఇంట్లో ఇందులో గుండెకాయ, ఊపిరితిత్తులు కూడా వేస్తాం" అంది. పక్కింటి ఫిర్మెన్ చేతిలోని ఫోర్కు కింద పెట్టేశాడు.

"ఏం ఫిర్మెన్, అరగలేదా?" అంది జెర్మేన్.

"నాకు అరుగుతోంది. ఆ పిల్ల దేశంలో పుట్టనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నా," అన్నాడు ఫిర్మెన్.

రాళ్ల క్వారీలో నలభై ఏళ్లు పనిచేసిన ఈ ఫిర్మెన్ పేకాటలో ఊరికి మొనగాడు. తొమ్మిదేళ్లుగా జెర్మేన్‌ను ఓడిస్తూ వస్తున్నాడు. డిసెంబరులో హెదర్ ఆమెకు జోడీగా కూర్చుంది. నాలుగు ఆదివారాలు ఓడి, అయిదో ఆదివారం గెలిచారు. ఫిర్మెన్ ఆ రోజు ముక్కలు మూడుసార్లు లెక్కపెట్టాడు.

కానీ వీటన్నిటికన్నా పెద్ద పని మాగలీ చేత మాట్లాడించడం. మాగలీ సంత వీధిలో త్రిపూ అమ్మే వాళ్ల అమ్మాయి. చురుకైన పిల్లే, అంగట్లో నిలబడితే పదిమందికి ఒక్కతే జవాబిస్తుంది. ఇంగ్లీషు క్లాసులో మాత్రం రెండేళ్లుగా నోరు విప్పలేదు. ఒకసారి ఏదో తప్పు పలికితే అందరూ నవ్వారట, అప్పటి నుంచీ మౌనవ్రతం. హెదర్ ఆ పిల్లను ఏమీ అడిగేది కాదు. తనే వాళ్ల అంగడికి వెళ్లి, తన వంకర ఫ్రెంచిలో బేరం చేసేది. మాగలీ పగలబడి నవ్వి, తప్పులు దిద్దేది. మూడు నెలలు ఆ దిద్దుబాటు సాగాక ఒకరోజు హెదర్ అంది, "నన్ను చూసి నువ్వు నవ్వావు, నేను చావలేదు. ఇప్పుడు నీ వంతు." ఆ వారం మాగలీ క్లాసులో నాలుగు మాటలు మాట్లాడింది. నాలుగే, కానీ నాలుగూ వినబడ్డాయి.

జనవరి చివర్లో ప్రిన్సిపాల్ మదాం ఎస్తేవ్ హెదర్‌ను గదిలోకి పిలిచింది. ఆ సాయంత్రం హెదర్ ఇంటికి వచ్చి కోటు కూడా విప్పకుండా వంటింట్లో కూర్చుంది.

"ఏమైంది?" అంది జెర్మేన్.

"ఇంకో ఏడాది ఇక్కడే ఉంటానని దరఖాస్తు పెట్టానా. వచ్చే ఏడు ఈ బడికి అసలు సహాయకురాలే ఉండకపోవచ్చట. మూడు బళ్లకి ఒక్కరినే ఇస్తారట. ఆ ఒక్కరూ పెద్ద ఊరి బడికి పోతారు."

"ఎవరు తేలుస్తారు?"

"మార్చి పన్నెండున ఇన్‌స్పెక్టరు వస్తాడు. పాఠం చూసి రిపోర్టు రాస్తాడు. అది బాగుంటే ఇక్కడే ఉంచుతారు. లేకపోతే లేదు."

"మరి పెద్ద ఊరికి నువ్వే వెళ్లొచ్చుగా. అక్కడ సినిమా హాళ్లున్నాయి, కుర్రాళ్లున్నారు. ఇక్కడ ఫిర్మెన్ ఉన్నాడు."

హెదర్ నవ్వలేదు. "మాగలీకి ఇప్పుడిప్పుడే నోరు వస్తోంది మదాం. నాకూ ఇప్పుడిప్పుడే మీ జోకులు అర్థమవుతున్నాయి. ఇంకో ఊళ్లో మళ్లీ ఎజేర్ నుంచి మొదలుపెట్టాలి."

జెర్మేన్ లేచి సూప్ వేడి చేసింది. పొద్దున్నే కాఫీకి అలమరాలోంచి రెండు గిన్నెలు తీయడం ఆమె చేతికి అలవాటైపోయింది. ఆ మాట పైకి చెప్పే మనిషి కాదు. "మార్చి పన్నెండు గురువారం," అంది. "గురువారం వంటశాలలో కొత్త కుర్రాడు చేపలు మాడుస్తాడు. ఆ రోజు నేను వెళ్లి వండుతా. కడుపు నిండిన మనిషి రిపోర్టు వేరేగా రాస్తాడు."

ఇంతలో ఫిబ్రవరి వచ్చింది, దాంతోపాటు కొత్త తెగులు పట్టుకుంది. పిల్లలకు హకారం వచ్చింది కదా, ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఉన్నచోట సరే, లేనిచోట కూడా పెట్టసాగారు. యాపిల్ హ్యాపిల్ అయింది. ఎగ్ హెగ్ అయింది. ఐ యామ్ అనాల్సిన చోట హై హ్యామ్ అన్నారు. ఎయిర్ అనమంటే హెయిర్ అని గాలిని జుట్టు చేశారు, ఇయర్ అనమంటే హియర్ అని చెవిని "ఇక్కడ" చేశారు. ఇళ్లకు వెళ్లి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అంటించారు. రొట్టెల కొట్లో వరసలో నిలబడి ఒకరి మెడ మీద ఒకరు ఊదుకున్నారు.

ఫిర్మెన్ కంచె మీద మోచేతులు పెట్టి పిలిచాడు. "జెర్మేన్, నీ పిల్ల ఊళ్లో పిల్లలందరినీ ఎండలో కుక్కల్లా రొప్పేట్టు చేసిందే. పశువుల డాక్టరుకి కబురు పెట్టమంటావా?"

"నువ్వు కూడా రొప్పు. కొంచెం గాలాడి తెలివొస్తుంది."

"ఇన్‌స్పెక్టరు ముందు రొప్పితే ఉద్యోగం గాలికి పోతుంది, అది చూసుకో."

ఫిర్మెన్ వేళాకోళానికే అన్నాడు గానీ, జెర్మేన్ ఆ మధ్యాహ్నం క్యారట్లు తరుగుతూ రెండుసార్లు వేలు కోసుకుంది. హెదర్ పిల్లలను కూర్చోబెట్టి ఎక్కడ ఊదాలో, ఎక్కడ ఊదకూడదో రంగు సుద్దలతో రాసి దిద్దింది. నెల తిరిగేసరికి సగం హకారాలు తగ్గాయి. మిగతా సగం తగ్గేలోపు మార్చి పన్నెండు వచ్చింది.

ఇన్‌స్పెక్టరు పేరు దెల్‌పూష్. పొడుగాటి మనిషి, బూడిదరంగు కోటు, నల్ల అట్ట నోటుబుక్కు. పదిన్నరకు క్లాసులోకి వెళ్లి వెనక బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నాడు. పదకొండుకు జెర్మేన్ చేతిలో కాఫీ పళ్లెంతో వరండాలో ప్రత్యక్షమైంది.

"జెర్మేన్, ఆయన కాఫీ అడగలేదు," అంది మదాం ఎస్తేవ్ గుసగుసగా.

"అడుగుతాడేమోనని తెచ్చా."

"పాఠం నడుస్తోంది."

"అందుకే బయట నిలబడ్డా."

తలుపు పైభాగం గాజు. ఇద్దరు ఆడవాళ్లూ చెరో పక్క నుంచి లోపలికి చూశారు. మరో పది నిమిషాలు బాగానే నడిచింది. పిల్లలు సంతలో కూరగాయలు కొన్నట్టు ఇంగ్లీషులో బేరం చేశారు. ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. తర్వాత ఆయన స్వయంగా ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. ఆ బూడిదరంగు కోటును చూడగానే పిల్లల్లో బెరుకు పుట్టింది, బెరుకుతో పాటు హకారాలు తిరిగొచ్చాయి. ఒకడు తన బాబాయి హిటలీలో ఉంటాడన్నాడు. ఒక అమ్మాయి తనకు హొక హన్నయ్య ఉన్నాడన్న ధోరణిలో జవాబిచ్చింది. ఇన్‌స్పెక్టరు కలం ఆగకుండా నడిచింది. హెదర్ మెడ ఎర్రబడింది. కాఫీ చల్లారిపోయింది.

పదకొండూ ఇరవైకి ఆయన నోటుబుక్కు మూసి లేచాడు. పిల్లలకు ధైర్యం చెబుదామని కాబోలు, పొట్ట మీద చెయ్యి వేసుకుని, నవ్వుతూ ఇంగ్లీషులో అడిగాడు.

"ఆర్ యూ యాంగ్రీ?"

ఆకలేస్తోందా అని అడిగాననుకున్నాడు పెద్దమనిషి. కోపంగా ఉందా అని అడిగాడు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హెదర్ సుద్దముక్క గట్టిగా పట్టుకుని బల్ల వైపు చూస్తోంది. మూడో వరసలో మాగలీ లేచింది.

"నో, సర్," అంది. "వుయ్ ఆర్ నాట్ యాంగ్రీ. యూ ఆర్ వెరీ నైస్." ఒక్క క్షణం ఆగి, గుండెల నిండా గాలి పీల్చుకుంది. "వుయ్ ఆర్ హంగ్రీ."

ఆ హకారానికి ముందు బెంచీ మీది కాగితం కదిలింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వి, నోరు నొక్కుకున్నారు. ఇన్‌స్పెక్టరు చెవులు మొదట ఎర్రబడ్డాయి, ఆ తర్వాత బుగ్గలు. సంచీ తీసుకుని, "థాంక్యూ" అని ఒక్క మాట అని బయటికి నడిచాడు. వరండాలో పళ్లెం పట్టుకున్న ముసలావిడ పక్క నుంచే వెళ్లాడు గానీ చూసినట్టు లేదు.

"అయిపోయింది," అంది మదాం ఎస్తేవ్.

"అవదు," అంది జెర్మేన్. "ఇంకా అన్నం తినలేదుగా ఆయన." అని పళ్లెంతో వంటశాల వైపు నడిచింది.

ఆ రోజు ఆమె వండింది అలిగో. మెత్తగా ఉడికించిన బంగాళాదుంపల ముద్దలో తాజా చీజ్ వేసి, చెక్క గరిటెతో కలిపి కలిపి, గరిటె ఎత్తితే తలెత్తున తాడులా సాగేదాకా లాగాలి. ముప్ఫై ఒక్క ఏళ్ల చెయ్యి అది. ఇన్‌స్పెక్టరు కంచంలోకి వడ్డించేటప్పుడు ఆ తాడు తెగలేదు, కత్తెరతో కోయాల్సి వచ్చింది. వడ్డించాక ఆమె వెళ్లిపోకుండా ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్ల చివర హెదర్ కంచంలో ఫోర్కు తిప్పుతూ ఉంది, తినడం లేదు.

"ఈ అమ్మాయికి ఇల్లిచ్చింది మీరేనా?" అన్నాడు దెల్‌పూష్ కాసేపటికి.

"నేనే అయ్యా. ఇల్లూ నాదే, ఆ హకారమూ నాదే."

"ఆ నిలబడి చెప్పిన పిల్ల ఎవరు?"

"త్రిపూ అంగడి వాళ్ల అమ్మాయి. రెండేళ్లు నోరు విప్పలేదు. విప్పింది చూడండి, విప్పకూడని చోట."

ఇన్‌స్పెక్టరు ఒక ముద్ద తిన్నాడు, ఇంకో ముద్ద తిన్నాడు. "ఇరవై ఆరేళ్లుగా బళ్లు చూస్తున్నానమ్మా," అన్నాడు. "ప్రతి బళ్లోనూ చివర ఇదే ప్రశ్న వేస్తాను. పిల్లలంతా 'యెస్ సర్' అంటారు. నాలాగే వాళ్లకీ ఆకలేస్తోందనుకునేవాణ్ణి."

"వాళ్లకి నిజంగానే కోపంగా ఉందేమో," అంది జెర్మేన్.

ఆయన ఫోర్కు కింద పెట్టి నవ్వాడు. మొదట మెల్లగా, తర్వాత భుజాలు ఊగేలా నవ్వాడు. చుట్టుపక్కల బల్లల మీద పిల్లలు ఎందుకో తెలియకుండానే తామూ నవ్వారు. నవ్వు ఆగాక హెదర్ వైపు తిరిగి "ఎలా పలకాలి?" అని అడిగాడు. "ముందు ఊపిరి, వెనక అక్షరం" అంది హెదర్. రెండుసార్లు తప్పి, మూడోసారి పట్టుకున్నాడు.

అలిగో రెండోసారి వడ్డించేటప్పుడు ఆయన ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది. "నేను రాస్తాను. కానీ తేల్చేది పైవాళ్లు. వాళ్లు క్లాసు చూడరు, కాగితం చూస్తారు. ఆ హకారాల గందరగోళం రాయక తప్పదు నాకు."

"రాయండి. ఆ పిల్ల అన్న మాట కూడా రాయండి," అంది జెర్మేన్.

"అది రాస్తే నా తప్పు కూడా రాసినట్టేగా."

జెర్మేన్ గరిటె గిన్నె అంచుకు ఆనించి ఆయన కళ్లలోకి చూసింది. "నేను పల్లెటూరి బళ్లో చదివినదాన్ని అయ్యా. మా పంతులు డిక్టేషన్ చెబుతూ ఒకసారి తనే తప్పు చెప్పాడు. తర్వాత తన చేత్తోనే బోర్డు మీద తన తప్పు కింద ఎర్రగీత గీశాడు. ఆ రోజు నుంచే నేను డిక్టేషన్‌లో తప్పు రాయలేదు."

దెల్‌పూష్ అలిగో ఖాళీ చేసి, కోటు వేసుకుని, అందరికీ చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. రాస్తానని అనలేదు, రాయనని అనలేదు.

ఏప్రిల్ ముప్ఫై దాకా కబురు రాలేదు. హెదర్ పని గడువు ముగిసింది. బస్సు దగ్గరికి మూడో తరగతి మొత్తం వచ్చింది, మాగలీ వాళ్లమ్మ దారిలో తినమని ఆరు త్రిపూ మూటలు సీసాలో పెట్టి ఇచ్చింది. ఫిర్మెన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆదివారాలు నాకు మంచి రోజులొచ్చాయి," అన్నాడు.

"సంతోషించకండి ముస్యే ఫిర్మెన్, మళ్లీ వచ్చి ఓడిస్తా."

"వస్తే చూద్దాం."

జెర్మేన్ హెదర్ చెంపల మీద అటు రెండు, ఇటు రెండు ముద్దులు పెట్టి, "సీసా మూత గట్టిగా ఉందో లేదో చూసుకో" అంది.

మే అంతా ఆమె తపాలా మనిషి కోసం గుమ్మంలో నిలబడింది. ఉత్తరం వచ్చేది బడికని తెలుసు, అయినా నిలబడింది. అతను రెండు వారాలు ఓర్చుకుని, మూడో వారం నుంచి దూరం నుంచే "ఏం లేదు మదాం విదాలాన్" అని అరుస్తూ వచ్చేవాడు. సంతలో చీజ్ అమ్మే అతను హెదర్ గొప్పలు అందించడం మానేశాడు, ఈమె చెప్పడం మానేసింది గనక.

జూన్ తొమ్మిదిన మధ్యాహ్నం మదాం ఎస్తేవ్ స్వయంగా నడిచి వచ్చింది. ఆమె ఎండలో నడవదు, నడిచిందంటే ఏదో కబురుందన్నమాట. జెర్మేన్ కుర్చీ చూపించింది. ప్రిన్సిపాల్ కూర్చోకుండానే కాగితం మడత విప్పి చదివింది. వచ్చే ఏడాది సహాయకురాలి పోస్టు రోష్‌వియేల్ బడిలోనే ఉంటుంది, ఆ పోస్టు మిస్ మెకినన్‌కే ఇస్తున్నారు.

"రిపోర్టు ప్రతి కూడా జత చేశారు," అంది. "విను. 'విద్యార్థులు హకారాన్ని అవసరానికి మించి వాడుతున్నారు. అయితే రెండేళ్లుగా మౌనంగా ఉన్న ఒక విద్యార్థిని, పరిశీలకుడు చేసిన ఉచ్చారణ దోషాన్ని ఎంతో మర్యాదగా, నిర్దోషమైన ఇంగ్లీషులో సరిదిద్దింది. ఇరవై ఆరేళ్ల నా ఉద్యోగంలో ఇలాంటి ఫలితం మరెక్కడా చూడలేదు.'"

"ఒప్పుకున్నాడు," అంది జెర్మేన్. "మంచి పంతులు." అని లేచి, రెండు గ్లాసుల్లో చెరో గుటక సారా పోసింది. పట్టపగలు ఆమె పోయడం, ప్రిన్సిపాల్ తాగడం ఆ ఊళ్లో అదే మొదలు.

తర్వాత ఫోను తీసింది. స్కాట్లాండ్ నంబరు, పద్నాలుగు అంకెలు, ఒక్కొక్కటే పైకి చదువుతూ నొక్కింది. అవతల ఎవరో మగమనిషి బొంగురుగా ఏదో అన్నాడు. రేవులో తాళ్లు కట్టే ఆ తండ్రే అయి ఉండాలి. ఆయనకు ఫ్రెంచి రాదు, ఈమెకు ఇంగ్లీషు రాదు.

జెర్మేన్ ఊపిరి తీసుకుంది. "హెదర్," అంది.

"ఆఁ, హెదర్," అన్నాడాయన వెంటనే, ఫోను పక్కన పెట్టి కేక వేశాడు. మదాం ఎస్తేవ్ గ్లాసు ఎత్తి అభినందించింది.

అటునుంచి మెట్లమీద అడుగుల చప్పుడు, ఆ తర్వాత ఆయాసపడుతున్న గొంతు. "మదాం? మీరేనా? ఏమైంది?"

"పోస్టు నీదే. ఈ బళ్లోనే. పైవాళ్లు సంతకం పెట్టారు."

హెదర్ వాళ్ల భాషలో ఇంటివాళ్లతో ఏదో చెప్పడం, కుక్క మొరగడం, ఎవరో బల్ల చరచడం వినిపించాయి. మళ్లీ ఫోనులోకి వచ్చి అడిగింది.

"మాగలీకి చెప్పారా?"

"నీకు చెప్పాకే. ఇప్పుడు వెళ్తా. ఫిర్మెన్‌కి మాత్రం చివర్లో చెబుతా, వాణ్ణి ఇంకో ఆదివారం సుఖపడనీ. అది సరే, ఎప్పుడొస్తావు? గదికి సున్నం వేయించాలి."

హెదర్ పడవ రోజులు, రైలు వేళలు లెక్క చూసుకుని చెప్పింది. జెర్మేన్ ఆ మాట తిరిగి అప్పజెప్పి, గోడ మీది తపాలా వాళ్ల క్యాలెండరు తిప్పి, పట్టా పరీక్ష నాటి గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా రాసుకుంది: హెదర్, సెప్టెంబరు ఇరవై ఎనిమిది, సోమవారం, సాయంత్రం నాలుగూ ఇరవై బస్సు.